కవర్ బ్లాకు

మొదటిరోజు ఇచ్చిన హెల్మెట్ లోపల
స్కెచ్ పెన్నుతో ఎవరిదో పేరు, సగం చెరిగి.
నాకంటే ముందు వేసవిలో వచ్చి వెళ్లిన కుర్రాడిది కాబోలు.
ఆ రెండు నెలలూ అతని చెమట వాసనలోనే
తల దాచుకున్నాను.

భీమిలి రోడ్డు పక్కన, సముద్రం వినపడేంత దూరంలో
పదకొండు అంతస్తుల భవనానికి
అప్పటికి ఉన్నవి సగం పూడ్చిన గొయ్యి, కొన్ని స్తంభాలు.
నా బూట్ల నిండా ఎర్రమట్టి.
కాలేజీలో నాలుగేళ్లు గీసిన గీతలన్నీ
ఇక్కడ ఇనుప చువ్వలై నిలబడి
నన్ను గుర్తుపట్టనట్టు చూశాయి.

నా పని, స్టాఫ్ పట్టుకుని నిటారుగా నిలబడటం.
అవతల లెవెల్ కంట్లోంచి పట్నాయక్ సారు
నన్ను కాదు, నా చేతిలోని అంకెల్ని చూసేవారు.
"ఊగకమ్మా" అనేవారు.
సముద్రపు గాలికి నేనూ అంకెలూ కలిసే ఊగేవాళ్లం.

పోలమ్మ స్తంభాలకి చుట్టిన గోనెలు తడిపేది.
"ఎండితే గట్టిపడతాదనుకున్నావేటి, పాపా?
తడిస్తేనే గట్టిపడతాది."
అది నా పుస్తకంలోనూ ఉంది.
పరీక్షకి ముందురాత్రి చదివి
మర్నాడు మధ్యాహ్నానికి మరిచిపోయాను.

ఇక సి–4 గురించి చెప్పాలి.

పద్ధెనిమిదో రోజో పందొమ్మిదో రోజో. రాత్రి ఎనిమిది.
మిక్సర్ లారీ గేటు దగ్గర గుర్రుమంటోంది.
పలకల సందులోంచి టార్చి వేస్తే
సముద్రం వైపు ముఖానికి కవర్ బ్లాకులు లేవు.
అరచేతిలో పట్టే సిమెంటు ముక్కలు,
చువ్వకీ ఉప్పుగాలికీ మధ్య
నలభై మిల్లీమీటర్ల మర్యాద.
చువ్వలు పలకకి ఆనుకుని ఉన్నాయి,
బస్సు కిటికీకి చెంప ఆనించి నిద్రపోయినవాళ్లలా.

నోరు తెరిచాను.
"ఏమ్మా?" అన్నాడు కాంట్రాక్టరు మనిషి తాతబ్బాయి.
"ఏం లేదండి."
నా సర్టిఫికెట్ మీద సంతకం ఇంకా పడలేదు.
కాంక్రీటు పడింది.

రిపోర్టు ముప్పైఆరు పేజీలు. స్పైరల్ బైండింగ్.
సి–4 ఒక్క వాక్యంలోనూ లేదు.
"చాలా నేర్చుకున్నాను" అని ముగించాను.
అబద్ధం కాదు.

మరుసటి ఏడు ఆగస్టులో అదే గేటు.
ఈసారి కార్డు మీద నా ముఖం,
హెల్మెట్ లోపల ఎవరి పేరూ లేదు.
"అమ్మాయ్" అన్న నోళ్లే "మేడం" అన్నాయి.
పిలుపు నాకేనని తెలిసి వెనక్కి తిరగడానికి
ఒక వానాకాలం పట్టింది.
పోలమ్మకి మాత్రం నేను పాపనే.

ఉద్యోగమంటే ఏమిటో జీతం రోజున తెలియలేదు.
ఏడో అంతస్తు స్లాబు రోజున తెలిసింది.
పోర్ కార్డులో మూడు గళ్లు. రెండు నిండాయి,
మూడోది నా పేరు కింద ఖాళీగా.
కింద లారీ తిరుగుతోంది, దాని ఆయువు గంటన్నర.
బాల్కనీ అంచున, మళ్లీ సముద్రం వైపే,
నాలుగు బ్లాకులు లేవు.
"నాలుగే కదా మేడం" అన్నాడు తాతబ్బాయి,
కోపంగా కాదు, టీ గ్లాసు చేతికిస్తూ.
టీ తాగాను. పెన్ను మూత తీయలేదు.
ఆ నాలుగూ పెట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది.
ఇరవై నిమిషాలూ నా చేయి జేబులో వణుకుతూనే ఉంది.

ఆ రాత్రే పట్నాయక్ సారుకి సి–4 చెప్పాను,
ఏడాదికి పైగా ఆలస్యంగా.
ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.
"రిజిస్టరులో రాయి. నీ చేత్తోనే రాయి."
మీటరు పెట్టి చూస్తే పదకొండు మిల్లీమీటర్లు.
చెక్కారు, మళ్లీ పోశారు.
ఖర్చు ఎవరిదని మూడు వారాలు తగువు.
అతుకు దగ్గర రంగు ఇప్పటికీ కలవలేదు.
రోజూ బండి దాని పక్కనే పెడతాను.

ఈ వేసవి కంచరపాలెం నుంచి దిలీశ్వరరావు వచ్చాడు,
ఇరవై ఏళ్లు, పాదానికి పెద్దవైన బూట్లు.
స్టాఫ్ పట్టుకుని గాలికి ఊగుతున్నాడు.
నిన్న చీకటిపడ్డాక నా బల్ల దగ్గరికొచ్చి
నోరు తెరిచి, మళ్లీ మూశాడు.
"ఏమిటి?"
"ఏం లేదు మేడం."

టార్చి తీసుకుని లేచాను.
"పద, చూపించు."