నీటి మూలం

రుస్తాక్ దాటినంక తారురోడ్డు ఒడుస్తది.
రాళ్లు, రాళ్లు, మళ్ల రాళ్లు.
నా నీలి ట్యాంకరు రెండో గేరుల మూలుగుతది.
బోర్డు మీద: వాదీ బనీ ఔఫ్.

వాదీ అంటే వాగట.
ఒక్క అచ్చరం తేడాకు
ఇంత దూరమొచ్చిన్నా అని
మొదటిసారి ఒక్కన్నే నవ్విన.

బనీ అంటే పిల్లలు, ఖల్ఫాన్ తాత చెప్పిండు.
ఫలజు కాలువకు కాపలా ఆయన.
రాత్రి చుక్కను చూసి
ఎవరి ఖర్జూరాలకు ఎంతసేపు పారాల్నో తెంపుతడు.
"మేం ఔఫు పిల్లలం. ఇది మా వాది."
చెయ్యి చూపిన దిక్కు చూస్తే
ఎండిన గులకరాళ్లు, ఒక మేక, ఒక పెప్సీ డబ్బా.
"నీళ్లేవి తాతా?"
"వచ్చినప్పుడొస్తయి. పేరు ఏడికి పోతది?"

నన్నడిగిండు: నీదే వాది?

పాస్‌పోర్టుల టేకం జైతు.
క్యాంపుల హిందీని. గేటుకాడ పన్నెండు నలభై.
ఏ వాగని అడిగినోడు
ఏడేండ్లల్ల ఈయనొక్కడే.

కొలాంవాగు, తాతా. మేం కొలాములం.
వెదురు చీరి తట్టలల్లెటోళ్లం.
వాగు మా పేరు పెట్టుకున్నదో
మేం వాగు పేరు పెట్టుకున్నమో
ఇంట్ల ఎవ్వరికీ తెల్వదు.
ఎండకాలం చెలిమె తోడితే
మొదటి దోసెడు ఇసుకకే తిరిగి పోసేది మా అవ్వ.
దానిది దానికి, అనేది.

పోయిన నెల చెల్లె మారుబాయి ఫొటో పంపింది.
వంతెన కొత్తది. బోర్డు కొత్తది.
ఎల్-4 కాలువ.
నీళ్లు నిండుగున్నయి. సిమెంటు గోడల నడుమ
తల వంచుకొని తొందరగ పోతున్నయి.
"మరిప్పుడు మనమేందన్నా, ఎల్-4లమా?"
పక్కన నవ్వే బొమ్మ పెట్టింది.
జవాబియ్యలే.

ఇదంతా అరబ్బీల చెప్పరాలే.
పేరు... అని, అరచేత్తోని గాలి తుడిచిన.
తాత చానసేపు గులకరాళ్లను చూసిండు.
గహ్వా పోసిండు. ఖర్జూరం గింజ ఊసి, లేచి
పైపు మర తిప్పిండు.
మాయ్, అన్నడు, నీళ్లను చూపిచ్చి.
ఈర్, అన్న నేను, అవ్వ మాట.
ఈర్, అని ఆయన గొంతుల ఒకసారి పలికి చూసుకున్నడు.

ట్యాంకరు నిండేటాలకు పొద్దుగూకింది.
లాగ్‌బుక్కుల ఒక గడి: నీటి మూలం.
దినాం అడ్డగీత కొట్టెటోన్ని.
ఇయ్యాల తెలుగుల రాసిన, కొలాంవాగు.

క్యాంపుకాడ మలబారు సూపర్‌వైజరు
గ్యాలన్లు మాత్రం చూసి ముద్రేసిండు.
మూడొందల మంది
ఆ నీళ్లతోని తానాలు చేసి పండుకున్నరు.