రసీదు లేని కాఫీ

నీళ్ళ కంపెనీలో
డబ్బు నీళ్ళపాలు కాకుండా చూడటం నా ఉద్యోగం.
వల్పరాయిసో రేవుకెదురుగా మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల, ఎర్ర పెన్ను.

ఇస్మేనియా కట్రిలేయో
రోసారియోలో సదస్సుకి వెళ్ళొచ్చింది.
అండీస్ దాటే బస్సు, మూడు రాత్రుల గది, ప్రవేశ రుసుము
అన్నిటికీ కాగితాలున్నాయి.
"సంస్థకు ఒరిగిందేమిటి" అన్న గడిలో మాత్రం
నాలుగు వాక్యాలు రాసి మూడు కొట్టేసింది.
మిగిలింది ఒకటే మాట: విన్నాను.

వినడమే ఆమె పని మరి.
ఊరు పడుకున్నాక కొండవీధుల్లో
ఇనుప కడ్డీ కొసకి చెవి ఆనించి
నేల కింద ఏ గొట్టం కారుతోందో పట్టుకుంటుంది.
అలాంటి మనిషిని పిలిచి కూర్చోబెట్టి
"విన్నదేదో అంకెల్లో చెప్పు" అన్నాను.
కాసేపు నీళ్ళు నమిలింది.

పెద్ద హాల్లో ప్రసంగాలు బాగానే ఉన్నాయట,
సగంలో కునుకు పట్టిందట.
రెండోరోజు విరామంలో, కాఫీ యంత్రం ముందు
చిల్లర కోసం జేబులు తడుముకుంటున్న ముసలాయనకి
తనే ఒక కప్పు కొనిచ్చిందట.
నలభై ఏళ్ళు గొట్టాలు విన్నవాడు, ఒక చెవి పోయింది.
"ఇనుము ఈల వేస్తుందమ్మా. ప్లాస్టిక్ వేయదు,
గొణుగుతుంది.
ఈల కోసం వెతక్కు.
దగ్గరగా వంగి ఊపిరి బిగపట్టు" అన్నాడట.

ఆ కాఫీకి రసీదు లేదు.
కొట్టేశాను.

జులై. చలివాన.
సీతాకోకల పేరున్న కొండ మీద
పదకొండు నెలలుగా మేం నీళ్ళొదిలేసుకున్న సందులో,
రొట్టెల కొట్టు మెట్ల కింద
ఆమెకి ఆ గొణుగుడు దొరికింది.
రోజుకెన్ని లీటర్లో లెక్కగట్టాను.
నమ్మకం కుదరక మళ్ళీ గట్టాను.
కాఫీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు,
ఏ పద్దు కింద రాయాలో తెలీక.

వచ్చే ఏడు సదస్సు లీమాలోనట.
దరఖాస్తు బల్లమీదుంది.
ఆ గడి ఇప్పటికీ అర అంగుళమే.

నిన్న రాత్రి నేనూ ఆమె వెంట వెళ్ళాను.
కుక్కలు మొరిగి ఊరుకున్నాయి.
కడ్డీ చల్లగా చెవికి తగిలింది.
ఎంతసేపు విన్నా ఏమీ లేదు,
దూరంగా రేవులో ఏదో ఓడ తప్ప.

"మీ ఊపిరే అడ్డం, సార్"
అంది ఇస్మేనియా.