ఆఖరి పంటు

మాధవాయిపాలెం రేవు రోడ్డులో
బుల్లియ్య గారి గేమ్ సెంటర్
ఇప్పుడు రొయ్యల మేత గోడౌను.
మూడో నంబరు సిస్టం తాలూకు డిస్కు మాత్రం
నా దగ్గరే, పాత బనీను గుడ్డలో చుట్టి.

నాలుగొందల పదకొండు స్క్రీన్‌షాట్లు.
సగానికి పైగా ఇస్సాకువే.
గెలిచినవి తీసేవాడు కాదు.
"గెలిచేశాక ఏవుంటాదిరా తియ్యడానికి?"
ప్రాణం సన్నటి ఎర్రగీతై,
తూటాలు రెండే మిగిలి,
మెట్ల మీద ఎవరిదో నీడ పడగానే
నొక్కేవాడు మీట.

ఒక్కదాంట్లోనూ మేం లేం.
కుర్చీ వెనక ఐదుగురం,
బజ్జీల నూనె వేళ్ళు,
కరెంటు పోతే పెట్టిన కేకలు,
ఏదీ పడలేదు.

కింద మూల గడియారం పడింది.
8:12. 8:19. 8:24.
సఖినేటిపల్లి వెళ్ళే ఆఖరి పంటు ఎనిమిదిన్నరకి.
ఆ అంకెలు చూస్తే చాలు
వాడి చెప్పుల చప్పుడు వినిపిస్తుంది,
రేవు దాకా.

ఒక్కటి మాత్రం 8:51.
అందులో శత్రువు లేడు.
వాన, అవతలి ఒడ్డు దాకా ఖాళీ వంతెన,
తూటాలు నిండుగా.

ఆ రాత్రి వాడు ఎక్కడ పడుకున్నాడో
అడగలేదు నేను.