నాలుగు చెంగుల లెక్క

తేనె అమ్మిన డబ్బుకు
తేనెలా చేతికి అంటుకునే గుణం ఉంటే బాగుండేది.
ఉండదు. నైరోబీలో అయితే
చూస్తూ ఉండగానే కారిపోతుంది, అంది కవాత.
పన్నెండేళ్ల కిందట ఒక్కసారి వెళ్లొచ్చిందావిడ,
ఆ ఒక్కసారితో ఊరందరికీ సలహాదారు.

రెండు రాత్రులు, మూడు పగళ్లు.
పని ఒకటే: తేనె పరీక్ష చేయించి
కాగితం మీద ముద్ర వేయించుకు రావడం.
ముద్ర ఉంటే కిలోకి వంద షిల్లింగులు ఎక్కువిస్తానన్నాడు
పట్నం కొట్టువాడు.
ముద్ర సంగతి మా తేనెటీగలకు తెలియదు,
నాకూ మొన్నటిదాకా తెలియదు.

నా లెసో గుడ్డకు నాలుగు చెంగులు.
మొదటిదాంట్లో తిరుగు బస్సు, ఆరు వందలు,
జంట ముడి. చచ్చినా విప్పేది లేదు.
రెండోదాంట్లో పరీక్ష రుసుము. లావు ముడి,
నడుస్తుంటే తొడకు తగిలి నేనున్నానంటుంది.
మూడోది పడకకు. రివర్ రోడ్డులో
ఒక మంచం, ఒక దుప్పటి, తలుపుకు గడియ.
గడియ లేని గదికి వంద తక్కువట.
నేను గడియకే కట్టాను.
నాలుగోది కడుపుకూ కాళ్లకూ ఉమ్మడి:
పొద్దున టీ, ఒక మందాజీ,
రాత్రి ఉగాలి, కాసింత ఆకుకూర,
మతాతు బండికి పోను యాభై, రాను యాభై.
మధ్యాహ్నం ఎదురుగా సున్నా చుట్టి
దాని కింద గీత కూడా గీశాను.
ఏమీ తినకపోవడమూ ఖర్చే,
రాసిపెట్టుకోకపోతే మరిచిపోయి తినేస్తాం.

రెండో రోజు వాన పట్టుకుంది.
నా పేరు స్యోంబువా. అందులో వాన ఉంది,
నేను పుట్టిన రాత్రి కురిసిందని పెట్టారు.
మా మ్వింగి వైపు వానంటే
మేకను కోస్తాం రమ్మన్నా రాని చుట్టం.
ఇక్కడ నాలుగు చినుకులు రాలాయో లేదో
మతాతు తలుపుకు వేలాడుతున్న కుర్రాడు
చూపిస్తున్న ఒక వేలును రెండు చేశాడు.
యాభై కాదు, వంద.
ఎందుకూ? అన్నాను.
ఆ రెండు వేళ్లనూ పైకి తిప్పాడు.
నా పేరుకు ధర కట్టి
నా దగ్గరే వసూలు చేస్తానంటాడు!

నడిచాను.
కిలో తేనె సీసాను పసిపిల్లలా పొట్టకు అదుముకుని,
బురద ఎవరిదో, చెప్పు ఎవరిదో తెలియకుండా.
ప్లాస్టిక్ పట్టా కింద టీ కాస్తోంది ముగురే.
సగం కప్పు, సగం ధరకు ఇస్తావా?
సగం కప్పు నాకు కొలవడం రాదమ్మా, అంది.
నిండుగా పోసి
నిండు ధరే తీసుకుంది.
మీ వైపు వానల్లేవటగా, అని జాలిపడింది,
రెండు చేతులా పట్టా మీద నీళ్లు తోసేస్తూ.

పరీక్షశాలలో తెల్లకోటు అబ్బాయి
సీసాలోంచి రెండు చెంచాలు తీసుకున్నాడు.
చాలా?
చాలు.
మరి ముద్ర?
వారానికి ఫోనుకొస్తుంది, వెళ్లిపోవచ్చు.
వెళ్లిపోవచ్చట!
రెండో రాత్రికి డబ్బు కట్టేశాను, తిరిగివ్వరు.

అందుకని ఉన్నాను.
గడియ వేసుకుని, చెప్పులు ఆరబెట్టుకుని,
సీసాలో వేలు ముంచి నాకుతూ
ఆ రోజు మధ్యాహ్నపు సున్నాను
రాత్రి పదింటికి పూడ్చాను.
రేకుల మీద తెల్లవార్లూ ఒకటే వాన.
విన్నదానికి ఏమీ రాయలేదు,
ఏ చెంగులో రాయాలో తోచలేదు.

ఇంటికొచ్చి ముడులన్నీ విప్పితే
ఇరవై షిల్లింగులు తక్కువ.
మూడుసార్లు లెక్కపెట్టాను. నిద్ర పట్టలేదు.
తెల్లవారుజామున గుర్తొచ్చింది:
పబ్లిక్ టాయిలెట్. పోను పది,
మర్నాడు మళ్లీ పది.
ఈ సంగతి మాత్రం చెప్పలేదే కవాత!

లేచి బయటికొచ్చాను.
తేనె తొట్లు వేలాడే తుమ్మ చెట్టు కింద
నేల పెంకులా పగిలి ఉంది.
అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు.
ఆకాశానికి రెండు వేళ్లు చూపించాను.