ఔటుకి జవాబు

ఆగస్టు వరదకి దొడ్డి తడిక కొట్టుకుపోయి
నా టర్కీ పుంజు లేచిపోయింది.
వేములదీవి సరుగుడు తోటల్లో
మిడతలూ ఇసకపీతలూ మేస్తూ
పొలం గొడవలన్నీ గెలిచిన ఆసామిలా తిరుగుతోందని
కల్లుగీసే వీర్రాజు కబురు.
క్రిస్మస్ విందుకి దాన్నిస్తానని
పాస్టరుగారి దగ్గర అప్పటికే నోరు జారి ఉన్నాను.
"రారా ఇజ్రా, వేటకెళ్దాం" అన్నాను.

కొల్లాబత్తుల ఇజ్రాయేలు, హవల్దారు, రిటైర్డు.
పందొమ్మిదేళ్ళు మంచుకొండల్లో కాపు కాసి
ఎడమ చెవి అక్కడే వదిలేసి వచ్చాడు.
"తుపాకీ ఉంటే రాను."
నాకెక్కడిదిరా తుపాకీ!
మా బావమరిది విసురువల ఒకటి,
ఓ కొబ్బరిచిప్ప, ఓ ఈతపుల్ల.
చిప్ప అంచున పుల్ల గీస్తే
అచ్చం పెట్ట పిలిచినట్టుంటుంది.
మా ఇంటి పెట్టలే రెండుసార్లు మోసపోయాయి.

తెల్లవారుజాము నాలుగింటికి
సైకిలు గట్టున పడేసి మంచులో నడిచాం.
"దీన్ని మంచంటారా మీరు?" అని
వాడు తువ్వాలు కూడా చుట్టుకోలేదు.
కదలకూడదు, దగ్గకూడదు, చుట్ట ముట్టించకూడదు,
దారిపొడుగునా నేర్పుకుంటూ వచ్చాను.
పాపం, అన్నిటికీ ఊఁ కొట్టాడు.
తీరా నేను కూర్చోబోతే మోచెయ్యి పట్టి ఆపి
"ఇక్కడొద్దు. వెనక ఖాళీగా ఉంది" అని
ఇసకమేటకి వీపు ఆనేలా కూర్చోబెట్టాడు.

ఆ తర్వాత వాడు లేడు.
పక్కనే ఉన్నాడు, లేడు.
దోమొకటి వాడి కనురెప్ప మీద వాలి
కడుపునిండా తాగి, లేచిపోయింది.
నాకేమో కాలు తిమ్మిరి, వీపు దురద,
పైగా ఒంటేలు.

చిప్ప గీశాను. సముద్రం హోరు.
మళ్ళీ గీశాను.
ఎడమ పక్కనించి
గొళగొళగొళ!
వాడికి వినపడలేదు. మోచేత్తో పొడిచాను.

వచ్చింది.
రాలిన సరుగుడాకు మీద చప్పుడు లేకుండా,
తోక విసనకర్ర విప్పి,
తల ఓసారి నీలంగా, ఓసారి ఎర్రగా,
తగువు తీర్చడానికి లేచిన మా మేనమామలా
రొమ్ము విరుచుకుని.
ఇంకో పది గజాలు.
వాడి వేళ్ళు వలగుండ్లని ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి.

అప్పుడే ఏటవతల పెళ్ళివారు ఔటు పేల్చారు.

ఇజ్రాయేలు బోర్లా పడిపోయాడు.
మొహం ఇసకలో, చేతులు నెత్తిమీద.
ముప్పై ఏళ్ళ స్నేహంలో
నేను చూడకూడనిది చూశాను.
పారిపోతుందనుకున్న పుంజు పారిపోలేదు.
మెడ సాచి, ఏటివైపు తిరిగి
గొళగొళగొళ అని తిట్టింది.
రెండో ఔటు.
గొళగొళగొళ.
మూడోది మోగీ మోగకముందే అందుకుంది,
ఎవడ్రా అక్కడ, నేనుండగా, అన్నట్టు.

వాడి భుజాలు కుదురుతున్నాయి.
ఏడుస్తున్నాడనుకుని
ఎక్కడ చెయ్యి వెయ్యాలో తెలీక
వల పట్టుకుని కూర్చున్నాను.
తలెత్తాడు. మీసాల నిండా ఇసక. నవ్వు.
"ఒక్కటి కూడా బాకీ ఉంచట్లేదురా వీడు!"
పగలబడి నవ్వాడు.
ఔట్లకి బెదరని పుంజు
ఆ నవ్వుకి బెదిరి మొగలిపొదల్లో పడింది.

పాస్టరుగారికి రెండు నాటుకోళ్ళు కొనిచ్చాను,
వెయ్యీ నాలుగొందలు.

మిగతాది సలోమి చెప్పింది, వాడి ఆవిడ.
ఏటా క్రిస్మస్ రాత్రి
చర్చి దగ్గర బాంబులు మొదలవకముందే
వాడు నావ ఏటి మధ్యకి తోసుకెళ్ళి
దుప్పటి ముసుగెట్టి పడుకుంటాడు.
ఈసారీ నావ విప్పాడు, తోశాడు.
రేవులో లాంతరు పట్టుకుని ఆవిడ నిలబడిందట.
మొదటి బాంబు పేలింది.
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత చీకట్లో, నీళ్ళమీంచి,
కొంచెం వణుకుతూ
గొళగొళగొళ.

రేవులో కుక్కలన్నీ ఒక్కసారిగా లేచాయట.