బంతి పడవ

మా మైదానానికి ఒక పక్క కొండ, మూడు పక్కలా సముద్రం.
ఫారో దీవుల్లో చదును నేల దొరకడమే గగనం,
దొరికిన ఆ కాస్త ముక్కలో మా స్కార్‌విక్ వాళ్లు
ఇళ్లు మానేసి గోల్‌పోస్టులు పాతుకున్నారు.
గాలి లాక్కుపోయిన బంతుల్ని
పడవేసుకెళ్లి ఏరుకురావడం నా పని.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని.

పడవలోంచి ఆట కనబడదు,
రాతి గోడ అడ్డం.
వినబడుతుంది, అంతే.
రెండొందల గొంతుల్లో ఏది ఎవరిదో చెప్పగలను:
దగ్గుతూ తిట్టేవాడు, చేపలు కోసే హానుస్.
తిట్టేసి నాలిక్కరుచుకునేది పాస్టరు గారి భార్య.

హోగ్ని వచ్చిన ఏడు, మొదటి ఆట.
మైకులో కెప్టెన్ పేరు చదివారు.
నాకు అలల చప్పుడు వినబడింది.
ఆట రోజున అలలు వినడం
అదే మొదలు.

మరి? జలసంధి అవతలి నోర్‌నెస్ వాడు.
ఐదేళ్ల కిందట ఆఖరి నిమిషంలో తలతో కొట్టి
మా నోటి దగ్గర కూడు లాగేసినవాడు.
వాడి చేతికే పట్టీ కట్టారంటే
దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా.
నేనూ అన్నాను ఆ మాట,
పడవలో, ఒక్కణ్ణే, గట్టిగా.
ఆ ఏడు అతను తన్నిపోగొట్టిన బంతుల్ని
కాస్త తీరిగ్గానే తెచ్చాను.

ఇక్కడ ఆట కూడు పెట్టదు.
తెల్లవారుజాము నాలుగింటి షిఫ్టు అతనికీ పడింది,
చేపల ఫ్యాక్టరీలో, హానుస్ పక్క బల్ల.
నెల్లాళ్లు మాటల్లేవని మా ఆవిడ చెప్పింది.
ఓ రోజు హానుస్ కత్తి మొండిదైతే
తన కత్తి అటు జరిపాడట, తలెత్తకుండా.
హానుస్ తీసుకోలేదు.
మర్నాడు తీసుకున్నాడు.

అక్టోబరు గాలికి
పెనాల్టీ చుక్క మీద బంతి నిలవలేదు.
తన్నాల్సింది పదిహేడేళ్ల ఫ్రీడి.
హోగ్ని తడి నేల మీద బోర్లా పడుకుని
వేలితో బంతిని పట్టుకున్నాడు.
కుర్రాడు తన్నిన బంతి
గోలూ గోడా నా పడవా దాటి పోయింది.
సోమవారం అతను ఎడం చేత్తో చేపలు కోస్తుంటే
హానుస్ చూశాడు, వాచి నల్లబడ్డ వేలు.
కుర్రాడికి చెప్పకు, అన్నాడట హోగ్ని.
హానుస్ ఊరందరికీ చెప్పాడు, కుర్రాడికి తప్ప.
ఆ శనివారం హానుస్ గాలిని తిట్టాడు.

అయిపోయిందనుకున్నాను.
మే నెలలో నోర్‌నెస్ మా ఊరికొచ్చింది.
హోగ్ని కాలికి తగిలి బంతి మా గోల్లోకే వెళ్లింది.
ఎంతైనా ఆ నీళ్లు తాగినవాడేగా,
పాత మాటలన్నీ పైకి తేలాయి.
పాస్టరు గారి భార్య ఈసారి నాలిక్కరుచుకోలేదు.

సాయంత్రం రేవులోకి దిగొచ్చి
నా పడవ తాడు అందుకున్నాడు.
"ఇవాళ ఎన్ని?"
"నాలుగు."
"రెండు నావే," అన్నాడు.
కుళాయి కింద ఒక్కో బంతికీ ఉప్పు కడిగి
చొక్కాతో తుడిచి గోనెలో వేశాడు.
ముప్పై ఒక్క ఏళ్లలో ఆ పని చేసిన కెప్టెన్ లేడు.
నేను మాత్రం థాంక్స్ చెప్పానా?
వాన పడేట్టుందన్నాను.

మొన్న సెప్టెంబరులో
గోడ వెనక రెండు తలలు ఢీకొన్న చప్పుడు,
పచ్చి కట్టె విరిగినట్టు.
తర్వాత అలలు.
ఆనాటి అలలే అనుకున్నాను గానీ
హానుస్ దగ్గు కూడా ఆగిపోయింది.
ఆ మనిషి దగ్గు ఆపుకోగలడని
నాకు తెలియదు.

ఎంతసేపో.
ఆఖరికి అతని గొంతే, బొంగురుగా,
పక్కవాళ్లనెవరినో అడుగుతోంది:
"నా కళ్లజోడు మంచు పట్టింది,
చూసి చెప్పండర్రా,
మనోడు లేచాడా?"

నేను పడవలో లేచి నిలబడి ఉన్నాను,
మెడ సాచి, కనబడని గోడకేసి.
నిలబడితే పడవ తిరగబడుతుందని
పిల్లలకు చెప్పేది నేనే.
బంతొకటి పడవ అంచుకు తగిలి
మెల్లగా నోర్‌నెస్ వైపు కొట్టుకుపోతోంది.
పోనీ.