పలక ఒకటి

గట్టు మండలంల ఆఖరి ఊరు.
తెర లేదు.
విత్తనాల కంపెనీ ఫ్లెక్సీని తిరగేసి
రెండు ట్రాక్టర్ల నడుమ కట్టినం.
తెల్లటి వెనక పక్క మీద మా సినిమా.
వెనకనుంచి ఏదన్న బండి లైటు పడ్డప్పుడల్లా
పగిలిన పత్తికాయ ఒకటి
తిరగబడ్డ అక్షరాలతోటి
మా బొమ్మల్లకు తేలి వస్తున్నది.

ఇరవై రెండు నిమిషాలు.
పిల్లలను బడికి పంపుమని చెప్పే సినిమా.
జనరేటర్ కిరాయి నా జేబులకెల్లే,
కొంచెం గర్వంగనే ఉన్నది.

ముందు వరుసల జమ్ములమ్మ.
సినిమాల గూడ ఆమెనే.
అక్కడ రెండు జడలు, నీలం లంగా, ఒళ్లె పలక.
ఇక్కడ వేళ్లకు పసుపు,
పసుపు గాదు, పుప్పొడి.
పొద్దుగూకేదాక మొగ్గలు గిల్లి
ఒక్కోదానికి ఎర్ర కాయితం తొడిగి వచ్చింది.
తెల్లారి మగపువ్వు తెంపి
ఒక్కో ఆడపువ్వుకు రుద్దాలె.
పదకొండు దాటితే పువ్వు మాట వినదట.
బడిగంటన్నా అయిదు నిమిషాలు ఆగుతది.
చెట్టు ఎత్తు, ఆమె ఎత్తు ఒక్కటే.
పెద్దోళ్లయితే నడుములు వంగాలెనని
చిన్నోళ్లనే పిలుస్తరు.

షూటింగ్ నాడు కూలి ఇచ్చినం,
చేను కూలి కన్నా ఇరవై ఎక్కువ.
వాళ్ల నాయిన కుర్మన్న అడిగిండు:
"రేపు గూడ ఉంటదా సారూ,
ఈ చదువుకునే పని?"
నవ్వినం.
ఇది గూడ రికార్డు చేసుంటే బాగుండునని
కెమెరా అంజద్ చేతులు పిసుక్కున్నడు.

పలక గద్వాల అంగట్ల కొన్నది.
అక్షరాలు మావోడు ముందే రాసిపెట్టిండు.
ఆమె చెయ్యి వాటి మీంచి పోవాలె, అంతే.
నాలుగో టేకుకు ఓకే.
సాయంత్రం సామాన్ల లిస్టుల
లైట్లు రెండు, గొడుగు ఒకటి, పలక ఒకటి
టిక్కు పెట్టుకొని
ఆమె ఒళ్లెకెల్లి తీసుకున్నం.
ఇచ్చే ముందు లంగా అంచుతోటి తుడవబోయింది.
తుడవకు, రేపు ఇంకో షాటుంది అని
అరిసింది నేనే.

ఇప్పుడు తెర మీద రాస్తున్నది.
ఊరంతా ఈలలు.
ఆర్గనైజర్ మద్దిలేటి అందరికన్నా గట్టిగ
చప్పట్లు కొడుతున్నడు.
ఆ వాడల ముప్పై నాలుగిండ్లకు
ఆయన అడ్వాన్సులే.
ఆయన కూసున్న కుర్చీ, మేము కూసున్న కుర్చీలు,
ఆ ఫ్లెక్సీ
అన్నీ ఆయనవే.

జమ్ములమ్మ చప్పట్లు కొట్టలేదు.
లేచి తెర దగ్గరికి పోయింది.
ఆమె నీడ ఆమె మీదనే పడ్డది.
"కూసో పిల్లా, కనిపిస్తలేదు" అని
ఎవరో కసురుకున్నరు.
తన పెద్ద చెయ్యి పక్కన
తన చిన్న చెయ్యి ఆనిచ్చి
వంపు వెంబడి వేలు జరిపింది.
సీను మారిపోయింది, వేలు ఆగలేదు.
ఇటు తిరిగి
వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకొని అడిగింది:
"సారూ, గక్కడ నేనేం రాసిన?"

నాకు యాదికి లేదు.
నేను అప్పుడు
ఆమె మొఖం మీద పడ్డ ఎండ చూస్తున్న.
పక్కన అంజద్ గూడ ఎండనే చూసిండట.

సినిమా అయిపోంగనే మద్దిలేటి జీతగాడు
ఫ్లెక్సీని జాగ్రత్తగ మడిచి తీసుకపోయిండు.
మిగిలిన వెలుగు ప్రొజెక్టర్ల కాసేపు
ఖాళీ గాలి మీద పడి ఉన్నది,
దాన్ల పురుగులు.

తెల్లారి డిక్కిలకెల్లి పలక తీసి
చేను గట్టు మీద నిలబడ్డ.
ఆకుల పైన తలగుడ్డలు తప్ప ఏం కనిపిస్తలేవు.
పేరు పెట్టి పిలిచిన.

"పదకొండు దాటనీ సారూ"
ఏ సాల్లకెల్లి అన్నదో.